జొన్న పాఠం

మా ఊరి బడి పాత రిజిస్టరులో తెలుగు తరగతి గురించి చివరగా ఒక్క వాక్యమే ఉంది: తగినంత మంది పిల్లలు లేనందున నిలిపివేయడమైనది. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ ఆ తక్కువైన పిల్లకు ఒక పేరుందని, ఆ పిల్ల నేనేనని రిజిస్టరులో ఎక్కడా లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇద్దరు ఇప్పటికే పోయారు. మిగిలినవాళ్ళకు గుర్తు పెట్టుకోవలసిన అవసరం లేదు. అందుకని ఇది నేనే రాసి పెట్టాలి.

పోయిన నెల ఒక శనివారం ఉదయం మా బడి సామాన్ల గది తలుపు తీయగానే ముందుగా ముఖాన కొట్టింది వాసన. ఎలుకల వాసన, తడిసి ఆరిన గోనెసంచుల వాసన, రేకుల కప్పు కింద ఏళ్ళ తరబడి వేగిన ప్లాస్టిక్ వాసన, వాటన్నిటి అడుగున ఎక్కడో చాలా పలచగా కర్పూరం. బడిలోకి గోడంత తెరలు వస్తున్నాయట, వాటి పెట్టెలు పెట్టడానికి గది ఖాళీ చేయాలట. చిన్నప్పుడు నా పక్కన బెంచీ మీద కూర్చున్న సరోజ ఇప్పుడు ఆ బడిలోనే మధ్యాహ్నం భోజనం వండుతుంది. ఆమే ఫోను చేసింది.

"రుక్కూ, మీ కంప్యూటర్ పెట్టెలు పాతసామాన్ల వ్యానుకు పోతుండాయి. కడేసిగా ఒగసారి చూసి పోదువు, దా."

నాలుగు పెట్టెలూ గోడవారగా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒకప్పుడు పాలలా తెల్లగా ఉన్నవి, ముసలివాళ్ళ పళ్ళలా పసుపుబారిపోయాయి. పై పెట్టె నొసటన మూడు గంధపు గీతలు, వాటి నడుమ ఏటేటా ఆయుధపూజకు పెట్టిన బొట్టు మీద బొట్టు గట్టిపడి నల్లని పొక్కులా అయిన కుంకుమ. గోటితో గీరి చూశాను. ఊడలేదు.

మా ఊరు అన్నూరు నుంచి తిరుప్పూరు వైపు పోయే బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వస్తుంది. మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ తమిళ నేలకు వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, అరుగు దిగితే తమిళం, సంతలో రెండూ కలిపి. తెలుగు మాట్లాడనివాళ్ళు మా వీధిలో లేరు, చదవగలిగినవాళ్ళు కూడా దాదాపు లేరు. మా నాయన కూడా సినిమా పోస్టరు తమిళంలో ఉంటేనే చదివేవాడు. బడి కట్టడానికి పొలం ఇచ్చిన పెద్దాయన ఒక్క మాట అడిగి ఇచ్చాడట: వారానికి రెండు పూటలైనా మా పిల్లలకు తెలుగు చెప్పాలని. పదిమంది పిల్లలుంటే చెబుతాం అన్నారట బడివాళ్ళు. ఆ పదిమంది లెక్క అలా నిలిచిపోయింది.

తెలుగు చెప్పే గదికి తెలుగు గది అనే పేరు. బడి మొత్తంలో పెంకులు కాకుండా గచ్చు మిద్దె ఉన్నది ఆ గదికే. ఆడి అనే ఆషాఢ మాసంలో పడమటి కనుమల సందు నుంచి గాలి తోసుకొచ్చి మా పలకల మీద, జడల మీద, సరోజ తెచ్చుకున్న పులిహోర మీద కూడా ఎర్రదుమ్ము పోసేది గానీ, ఆ గదిలో మాత్రం రెండు కిటికీ రెక్కలు మూస్తే చాలు, గాలి బయటే ఊళ పెట్టుకుంటూ తిరిగేది. లోపల రెండు చెక్క బీరువాల నిండా పుస్తకాలు. మంగళవారం, శుక్రవారం చివరి పీరియడ్లో మేము నేల మీద గుండ్రంగా కూర్చుంటే, రామసామి ఐవారు ముంత బోర్లించి చింతగింజలు పోసేవారు. అయ్యవారిని మావాళ్ళు ఐవారు అంటారు. ఆ గింజలతో అక్షరాన్ని పేర్చాలి, వేలితో దాని వెంట నడవాలి, గట్టిగా పలకాలి, తర్వాతే పలక మీద రాయాలి. మధ్యాహ్నం ఆటలో గెలుచుకున్న గచ్చకాయలు కూడా ఒక్కోసారి ఆ గింజల్లో కలిసిపోయేవి, పీరియడ్ అయిపోయాక నావి నీవి అని జుట్లు పట్టుకునేవాళ్ళం. ఐవారు తిట్టేవారు కాదు. కళ్ళద్దాలు తీసి భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ, గొడవ తీరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవారు. అద్దాలు లేకపోతే ఆయనకు అరచేతి గీతలు కూడా కనబడవు.

మా బడిలో ఇంకొక పద్ధతి ఉండేది. ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. సరస్వతి పూజ రోజున అందరి పుస్తకాలూ తెలుగు గదిలో కుప్పగా పెట్టి పూజ చేస్తారు. ఆ రోజు ఎవరూ చదవకూడదు, రాయకూడదు, దారిలో కనిపించిన కాగితం మీది అక్షరాన్ని కూడా చూడనట్టు ముఖం తిప్పుకోవాలని అవ్వ చెప్పేది. మరునాడు విజయదశమి ఉదయం, తెలుగు తరగతిలో రెండో ఏడు చదువుతున్న పిల్లల్లో వంతు వచ్చిన ఒకరు లేచి, కుప్ప మీదున్న తెలుగు పుస్తకం తీసి, తెరుచుకున్న పేజీ పైకి చదవాలి. అది విన్నాకే మిగతా ఎవరైనా తమ పుస్తకం ముట్టాలి. అది విన్నాకే పొరి కడలె పంచాలి. మరమరాలు, వేయించిన శనగపప్పు, బెల్లపు తునకలు, కొబ్బరి ముక్కలు కలిపిన ఆ వెదురుబుట్ట వాసన వరండా అంతా కమ్ముకుని ఉండగా, ఇద్దరు ముగ్గురు అవ్వలు చీర చెంగులు పట్టుకుని, ఎవరి ఇంటి పిల్ల చదువుతుందో వినడానికి వచ్చి కూర్చునేవారు.

మా వెంకటమ్మ అవ్వ ఏటా వచ్చేది. పళ్ళు లేవు, చిన్న ఇనుప రోట్లో తమలపాకు దంచుకుని నోట్లో వేసుకునేది. తాత పోయినాక ఒంటిగా సేద్యం చేసి, చివరి ఏడు దాకా జొన్న తన చేత్తోనే విత్తిన మనిషి. అక్షరం ముక్క రాదు. కానీ నేను తెలుగు తరగతిలో చేరిన రోజు నుంచి, మంగళవారం, శుక్రవారం సాయంత్రం నేను గడప తొక్కగానే రోకలి ఆపి, కణ్ణూ అని ముద్దుగా పిలిచి అడిగేది.

"ఏం కణ్ణూ, ఈ పొద్దు ఏం చదివినావు?"

"కొంగ పాఠం అవ్వా."

"మనూరి కొంగేనా?"

"కొంగంటే అన్ని ఊర్లలోనూ ఒగటే అవ్వా."

"ఒగటి యాల అయితాది? మనది చేలో పురుగులు తింటాది. పుస్తకంలోది పలారం తింటాదేమో!"

వచ్చే విజయదశమికి వంతు నాదని ఐవారు చెప్పిన సాయంత్రం, అవ్వ ఆ మాట వీధి చివరి ఇంటి దాకా వెళ్ళి చెప్పి వచ్చింది.

నేను ఏడో తరగతిలోకి వచ్చిన జూన్‌లో కంప్యూటర్లు వచ్చాయి. కోయంబత్తూరులో మిల్లులున్న మావాళ్ళే ఎవరో ఇచ్చారు. వ్యాను దిగిన పెట్టెలు విప్పితే లోపలి నుంచి తెల్లని బెండు ముక్కలు దూదిలా ఎగిరి బడి ఆవరణంతా పడ్డాయి, ఆ ముక్కల కోసం కొట్టుకున్నాం. వారం రోజులు అవి మా జేబుల్లో, జామెట్రీ పెట్టెల్లో ఉన్నాయి. దుమ్ము పడని గది కావాలన్నారు. అది తెలుగు గదే. బీరువాలు రెండూ బియ్యం సంచులుండే సామాన్ల గదికి, చింతగింజల ముంత వరండాకు పోయాయి. కిటికీలకు నీలం తెరలు, గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కునే నీళ్ళ బకెట్టు, తలుపుకు కొత్త తాళం వచ్చాయి. ఆ తాళంచెవి హెడ్‌మాస్టరు కదిరేశన్ సార్ మెడలో దారానికి వేలాడేది. నేర్పే మాస్టారు కోయంబత్తూరు నుంచి బస్సులో రావాలి. ఆయనకు కుదిరేది మంగళవారం, శుక్రవారం చివరి పీరియడే.

ఆ నాలుగు నెలల్లో మా బడి మారిన తీరు తలచుకుంటే, యంత్రం కన్నా దాని చుట్టూ మేము అల్లుకున్న మర్యాదలే ఎక్కువ గుర్తొస్తాయి. అంతవరకూ బడి అంటే చప్పుడు. ఒక గదిలో ఎక్కాలు, ఇంకో గదిలో తిరుక్కురళ్, వరండాలో అక్షరాలు, అన్నీ ఒకే గాలిలో కలిసి దూరం పొలాల్లోకి వినబడేవి. ఆ గదిలో మాత్రం గుసగుసగా మాట్లాడాలి. గట్టిగా ఊపిరి వదిలినా తెర పాడైపోతుందని మాకెవరో చెప్పారు, మేము నమ్మి చున్నీ అడ్డం పెట్టుకునేవాళ్ళం. పాఠం అప్పజెప్పలేక గోడ కుర్చీ వేసే పిల్లలు అక్కడ చకచకా మీటలు నొక్కి మెప్పు పొందారు. అది చూసి నాకు నిజంగా సంతోషమైంది, ఇప్పటికీ అది మంచే అనుకుంటాను. బెత్తం పట్టే లెక్కల సార్ ఒకరోజు మా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా, "దీన్ని ఎట్లా మూయాలమ్మా?" అని అడిగాడు. ఒక పెద్దాయన మమ్మల్ని అలా అడగడం అదే మొదటిసారి. ఆ రోజు మాకు భూమి మీద కాళ్ళు ఆనలేదు.

తెలుగు వరండాలో, కంప్యూటరు లోపల, పీరియడ్ ఒకటే. ఏదో ఒకటి ఎంచుకోవాలి. మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత నేను కదిలాను. ఎవరూ బలవంతం చేయలేదు. మా నాయనను అడిగితే నీ ఇష్టం అన్నాడు. చెప్పడానికి వెళ్ళినప్పుడు ఐవారు చింతగింజలు ముంతలోకి ఎత్తుతున్నారు.

"నీవు పోతే తొమ్మిది, కణ్ణూ," అన్నారు. "పోవద్దని చెప్పేది కాదు. లెక్క నీకు తెలిసుండాల, అంతే."

"సరింగ ఐవారూ," అన్నాను. మావైపు పెద్దల మాటకు అలాగే బదులిస్తాం. కిందపడిన రెండు గింజలు ఏరి ఆయన చేతిలో పెట్టి, గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను.

అవ్వకు మాత్రం చెప్పలేదు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం అవ్వ అడిగితే పోయిన ఏటి పాఠాలే మార్చి మార్చి చెప్పాను. కొంగ మూడుసార్లు వచ్చింది. మూడోసారి అవ్వ, "ఆ కొంగ ఇంకా అరగలేదా?" అని నవ్వింది. క్వార్టర్లీ పరీక్షల తర్వాత తెలుగు తరగతి ఆగిపోయింది.

అయినా విజయదశమి వచ్చింది. ఆ ఏడు పుస్తకాల కుప్ప పక్కనే నాలుగు యంత్రాలకూ గంధం, కుంకుమ, మెడలో బంతిమాల. కదిరేశన్ సార్ చెడ్డవాడు కాదు. ఆ పెట్టెలతో మా ఊరి పిల్లల తలరాత మారుతుందని మనసారా నమ్మాడు. ఈసారి ముందుగా యంత్రాన్ని వెలిగిద్దాం, అది వెలిగాకే పుస్తకాలు ముట్టుకుందాం అని ముందు రోజే ప్రకటించాడు. చదివే వంతు నాది కనుక మీట నొక్కే వంతూ నాకే ఇచ్చాడు. పట్టుపావడా కట్టుకుని వెళ్ళి, కర్పూరం వెలిగాక, దండం పెట్టి మీట నొక్కాను.

కరెంటు లేదు.

అయిదు నిమిషాల్లో వస్తుందన్నారు. రాలేదు. ముందే మాట ఇచ్చేశాం కనుక, యంత్రం వెలగనిదే పుస్తకం ముట్టకూడదు. పుస్తకం ముట్టనిదే బుట్ట విప్పకూడదు. ఐప్పసి అనే ఆశ్వయుజ మాసపు వాన సన్నగా మొదలైంది. చిన్నపిల్లలు బుట్ట చుట్టూ చేరి మరమరాల వాసన పీలుస్తూ కూర్చున్నారు, ఒకడు ఏడుపు అందుకున్నాడు. గంట దాటింది. వరండాలో మా అవ్వ గొంతు లేచింది.

"ఏం సార్, బుక్కు తెరిచి చదవమనండి. దానికి కరెంటు యాల?"

అందరూ నవ్వారు. కదిరేశన్ సార్ కూడా నవ్వి, మెడలో తాళంచెవి సర్దుకుని, సరే అన్నట్టు నా వైపు తల ఊపాడు.

కుప్ప మీది పుస్తకం తీశాను. అట్ట మీద కుంకుమ తడి ఇంకా ఆరలేదు. తెరిచాను. అక్షరాలు ఉన్నాయి. విడివిడిగా కొన్నిటిని గుర్తుపట్టాను. కానీ ఒకదానితో ఒకటి కలవలేదు. ఒత్తులు అన్నీ ఒకేలా కనబడ్డాయి. నాలుగు నెలలు. గది నిండా మనుషులు. వరండాలో అవ్వ తమలపాకు నమలడం ఆపేసింది.

అప్పుడు నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. కర్పూరం, పాత తువ్వాలు వాసన. ఐవారు, పుస్తకం సరిగా పట్టుకోవడం చూపిస్తున్నట్టు ఒక చెయ్యి నా భుజం మీద వేసి, నాకొక్కదానికే వినబడేలా ఒక్కొక్క మాట అందించారు. నేను గట్టిగా పలికాను.

"ఇది నల్లరేగడి నేల. ఈ నేలలో ఒక అవ్వ జొన్న విత్తింది. వాన ఆలస్యంగా వచ్చింది. అవ్వ గట్టు మీదనే కూర్చుంది. జొన్న మొలిచింది."

అయిదే వాక్యాలు. వరండాలో అవ్వ, తన పక్కన కూర్చున్న ఆవిడ తొడ మీద చరిచింది.

"అది నేనే దా! ఆ ఏడు నేను గట్టు మీదనే కూర్చుంటి. పుస్తకంలో రాసి ఉండాది చూడు!"

ఐవారు నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, మాలలోంచి రాలిన ఒక బంతి రేకు ఆ పేజీలో పెట్టి మూశారు. ఆయన కళ్ళద్దాలు చొక్కా జేబులో ఉన్నాయి. అది నేను చూశాను. చూసి కూడా ఏమీ ఆలోచించలేదు. వరండాలో బుట్ట విప్పారు. రెండు గుప్పిళ్ళు అందుకున్నామో లేదో కరెంటు వచ్చింది, లోపల యంత్రం కూత పెట్టింది, పిల్లలంతా మరమరాలు ఒలకబోసుకుంటూ ఆ గదిలోకి పరుగెత్తారు. నేను కూడా పరుగెత్తాను.

ఆ మరుసటి ఏడు ఐవారు రిటైరై, దిండిగల్లులో కూతురి ఇంటికి వెళ్ళిపోయారు, కొన్నేళ్ళకు అక్కడే పోయారు. అవ్వ ఇంకో మూడేళ్ళు బతికింది. నా మనవరాలు నా కథ పుస్తకంలో చూసి చదివిందని కనబడినవాళ్ళకల్లా చెప్పింది. కాదని నేను ఒక్కసారి కూడా అనలేదు.

కంప్యూటరు నన్ను మోసం చేయలేదు. ఆ గదిలో నేర్చుకున్న టైపింగే నాకు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో ఉద్యోగం తెచ్చింది. ఏ అట్టపెట్టెలో ఏ సైజు పోతుందో పదిహేడేళ్ళుగా టైపు చేస్తున్నాను. ప్లస్ టూ తర్వాత చదవలేదు. కానీ కంపెనీకి రెండు వీధుల అవతల ఉన్న గ్రంథాలయంలో ఒక సాయంత్రం వానకు తలదాచుకున్నప్పుడు, అడుగు అరలో, ఎవరూ తీసుకోని తెలుగు పుస్తకాలు కనబడ్డాయి. ఆ జొన్న పాఠం ఎక్కడుందో వెతకాలనిపించింది. వెతకాలంటే చదవడం రావాలి. తిరుపతి బస్టాండులో అక్షరాల పుస్తకం కొన్నాను, ఇంట్లో చింతగింజలు పరిచాను. నా మూడేళ్ళ కూతురు వాటిని ఎత్తుకుపోతుంటే వెంటబడి లాక్కున్నాను. రెండేళ్ళకు వాక్యం చదివాను. ఆ అరలోని పుస్తకాలన్నీ చదివేశాను. మా అవ్వ మాట్లాడిన మాటలు కొన్ని వాటిలో ఎంత వెతికినా లేవని, కొన్ని మాత్రం ఏ ఊరివాళ్ళో ఎన్నడో రాసిన పుటల్లో ఉన్నది ఉన్నట్టు కూర్చుని ఉన్నాయని తెలుసుకున్నాను. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేను చదివి కనుక్కున్నాను. కానీ పాత వాచకాలు దొరికినచోటల్లా తిరగేసినా జొన్న పాఠం కనబడలేదు. మా బడి బీరువాలేమో ఎప్పుడో పోయాయన్నారు.

పోలేదు. పోయిన నెల ఆ నాలుగు పెట్టెలూ వ్యానుకు ఎత్తాక, వాటి వెనక గోడకు ఆనుకుని ఒక చెక్క బీరువా ఉంది. ఇంకొకటి చెదలు తిని కూలిపోయింది. తాళం తుప్పు పట్టి సరోజ లాగగానే ఊడి వచ్చింది. పైఅరలో, అట్ట మీద కుంకుమ మరకతో ఆ పుస్తకం. చేతిలోకి తీసుకోగానే తనంతట తానే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది. బంతి రేకు ఉల్లిపొరలా పలచబడి, పేజీ మీద గోధుమరంగు మచ్చ వేసి ఉంది.

"చదువు, చదువు," అంది సరోజ. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆ రోజు నా పక్కనే నిలబడి ఉంది కాబట్టి, మా అవ్వ అరుపు ఆమెకు గుర్తుంది.

పైకి చదివాను. ఉత్తరం మీద చిరునామా ఎలా రాయాలి. ముందు పేరు, దాని కింద వీధి, దాని కింద ఊరు. తపాలా బిళ్ళ కుడివైపు పైన అంటించాలి. పేజీ తిప్పాను. ముందు పేజీలు, వెనక పేజీలు, అట్ట నుంచి అట్ట దాకా చూశాను. నేల లేదు, జొన్న లేదు, గట్టు మీద కూర్చున్న మనిషి లేదు.

సరోజ పుస్తకంలోకి వంగి చూసింది. తర్వాత అంది, "అయితే ఐవారు సొంతంగా చెప్పినాడా?"

జేబులోని కళ్ళద్దాలు అప్పుడు గుర్తొచ్చాయి. ఆయనకు ఆ పేజీ కనబడనే లేదు. వరండాలో కూర్చున్న మనిషి కనబడింది. తన తరగతిని మూయించిన పిల్ల తలవంచుకోకుండా, ఆ పిల్ల అవ్వ తల ఎత్తుకుని ఇంటికి పోయేలా, నిలబడ్డచోట అయిదు వాక్యాలు అల్లారు. అదే మా బడిలో చెప్పిన చివరి తెలుగు పాఠం.

ఇప్పుడు తెలుగు గదికి స్మార్ట్ గది అని పేరు రాశారు. నీళ్ళ బకెట్టు లేదు, పిల్లలు చెప్పులతోనే వెళతారు. యంత్రం అంటే వాళ్ళకు భయం లేదు, అది మంచిదే. విజయదశమికి కొత్తపిల్లలను చేర్చుకుంటారు, ఫోటో తీస్తారు, మరమరాలు ప్లాస్టిక్ కవర్లలో ఇస్తారు. ముందుగా ఎవరు చదవాలి అనే మాట అక్కడ ఎవరికీ తెలియదు. మా వీధిలో పిల్లలు అవ్వలతో మాట్లాడతారు, ఒకరితో ఒకరు తమిళం మాట్లాడుకుంటారు.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకు నమస్కారం చెప్పుకోవాలి. ఫోను చేసి పిలిచిన సరోజకు. పుస్తకాన్ని తీసుకుపోనిచ్చిన ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ మంగయర్కరసి టీచరుకు. వ్యాను ఆపుకుని రెండు గంటలు కాచుకుని, బీరువా బయటికి లాగిపెట్టిన సెల్వానికి. నా కార్డు గడువు ఎన్నిసార్లు దాటినా కోప్పడని గ్రంథాలయం వసంతమ్మగారికి. ఆ ఏటి వాన, ఆ పట్టుపావడా రంగు గుర్తు చేసిన మా అమ్మ లక్ష్మమ్మకు. ముసలితనంలో ఫోను ఎత్తి, "రిజిస్టరులో ఆ వాక్యం రాసింది నేనేనమ్మా, నువ్వు మిగతాది రాయి" అని తమిళంలో చెప్పిన కదిరేశన్ సార్‌కు. విన్న వెంకటమ్మ అవ్వకు. చివరగా రామసామి ఐవారికి. ఆయన చెప్పిన అయిదు వాక్యాలు ఏ పుస్తకంలోనూ లేవు కనుక, ఇందులో రాసి పెట్టాను.